ఒంట్లో దాయాదులు

పోయిన శ్రావణమాసంలో ఒక రాత్రి పదిన్నరకు మా చెల్లెలు ఫోన్ చేసింది. ఆ వేళకు ఫోన్ మోగితే మా ఇంట్లో అందరికీ గుండె గుభేలుమంటుంది. "అక్కా, నా ఒళ్లు నన్నే తినేస్తోందట," అంది ఏడుపు గొంతుతో.

ఆరా తీస్తే తేలిందిది. వాళ్ల బడిలో టీచర్లందరూ కలిసి ఏదో రక్తపరీక్షల ప్యాకేజీ చేయించుకున్నారు. పదిమందితో పాటు ఇదీ చెయ్యి చాపింది. చక్కెర బాగుంది, కొలెస్ట్రాల్ బాగుంది, థైరాయిడ్ హార్మోన్లు కూడా శుభ్రంగా ఉన్నాయి. ఆఖరి పేజీలో మాత్రం టీ.పీ.ఓ. యాంటీబాడీలు అని ఒక వరుస, దానికెదురుగా ఉండవలసినదానికి పదింతలు అంకె, నల్లటి లావు అక్షరాలతో. రాత్రిపూట ఒక్కర్తీ కూర్చుని ఫోన్‌లో వెతుక్కుంది. అలా వెతికితే ఏం దొరుకుతుంది? శరీరం తన మీద తానే దాడి చేసుకునే జబ్బు అని దొరికింది.

అంతటితో పోయిందా! వాళ్ల అత్తగారు కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం చూసి, "ఇలాంటివి వంశపారంపర్యం అంటారు కదమ్మా. మీ పుట్టింటి వైపు నుంచి వచ్చి ఉంటుంది," అందట. ఆవిడ చెడ్డమనిషి కాదు. చెల్లెలికి రెండు పురుళ్లూ కన్నతల్లిలా చూసిన మనిషే. కానీ మనలో ఆడపిల్ల వెంట అత్తవారింటికి వెళ్లే సారెలో చలిమిడీ, అరటిపళ్లతో పాటు జబ్బులు కూడా ఉంటాయి కదా! చెల్లెలికి పదిహేనేళ్ల కూతురుంది. అసలు ఏడుపు దాని గురించి. రేపు పిల్ల పెళ్లి మాటలనాటికి ఈ ముక్క ఏ నోట పడి ఏమవుతుందోనని.

నేను చరిత్రలో బి.ఏ. చదివినదాన్ని. కథలు రాసుకునేదాన్ని. జబ్బుల సంగతి నాకేం తెలుసు? అయితే చరిత్ర చదివినవాళ్లకో దురలవాటు ఉంటుంది. ఏ మాట విన్నా, మొట్టమొదట ఈ మాట ఎవరన్నారు, ఎందుకన్నారు అని వెనక్కి తవ్వుకుంటూ పోతాం. నెల్లాళ్లు అదే పనిగా తవ్వాను. మనిషి రక్తంలో ఆ మనిషికే ఎదురు తిరిగే పదార్థం ఉంటుందని నమ్మడానికి వైద్యలోకానికి యాభై ఏళ్లకు పైగా పట్టింది. అది ఉండి కూడా మనిషి నిక్షేపంలా ఉండవచ్చునని ఒప్పుకోవడానికి ఇంకొన్ని దశాబ్దాలు పట్టింది. మా చెల్లెలు మొదటి మెట్టు మీద ఆగిపోయి ఏడుస్తోందన్నమాట.

కథ మేకలతో మొదలవుతుంది. 1900 నాటికి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాల్ ఎర్లిక్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. నోట్లో చుట్ట ఆరనిచ్చేవాడు కాదట. సూక్ష్మక్రిములు ఒంట్లో జొరబడితే వాటిని పట్టుకోవడానికి రక్తంలో కొన్ని మాంసకృత్తులు తయారవుతాయి, వాటినే యాంటీబాడీలంటారని మనకిప్పుడు తెలుసు. ఒక్కొక్క యాంటీబాడీ ఒక్కొక్క తాళానికి సరిపోయే తాళంచెవి. ఎర్లిక్, ఆయన సహచరుడు మోర్గెన్‌రోత్ కలిసి ఒక మేక రక్తం తీసి ఇంకో మేకకు సూదితో ఎక్కించి చూశారు. ఆ రెండో మేక ఒంట్లో, పరాయి మేక రక్తకణాలను కరిగించివేసే పదార్థం పుట్టింది. సరే, ఏ మేక రక్తం ఆ మేకకే ఎక్కిస్తే? తనను తాను కరిగించుకునే పదార్థం పుట్టలేదు. నోరులేని మేక తన రక్తమేదో, పరాయి రక్తమేదో గుర్తుపట్టిందన్నమాట!

దీనికి ఎర్లిక్ ఒక లాటిన్ పేరు పెట్టాడు, హారర్ ఆటోటాక్సికస్ అని. తనకు తాను విషం కావడమంటే ఒంటికి హడలు అని అర్థం చెప్పుకోవచ్చు. పేరు గంభీరంగా ఉంది కదా, అదే కొంప ముంచింది. నిజానికి ఎర్లిక్ అలాంటి పదార్థం పుట్టనే పుట్టదనలేదు. పుట్టినా కీడు చెయ్యకుండా ఒంట్లో ఏదో కట్టడి ఉండి ఉండాలన్నాడు. తర్వాతివాళ్లు ఆ రెండో ముక్క వదిలేసి, మొదటి ముక్కను వేదవాక్యం చేసుకున్నారు. గురువుగారి మాటలో సగం పట్టుకుని వేలాడటం మన మఠాల్లోనే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ.

దానికి ఎదురు సాక్ష్యం నాలుగేళ్లకే దొరికింది, పక్కనున్న వియన్నాలో. రక్తం గ్రూపులు కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనర్ పేరు మీరు వినే ఉంటారు. 1901లో ఆయన చెప్పింది ఎర్లిక్ మాటకు వత్తాసుగానే ఉంది. ఎ గ్రూపు మనిషి రక్తంలో బి గ్రూపు కణాలను ముద్దకట్టించే యాంటీబాడీ ఉంటుంది గాని, తన గ్రూపుకు ఎదురుగా ఉండదు. ఇంతవరకూ బాగానే ఉంది. 1904లో అదే లాండ్‌స్టైనర్, జూలియస్ డొనాట్ అనే వైద్యుడితో కలిసి ఒక వింత జబ్బును పరీక్షించాడు. ఆ జబ్బున్నవాళ్లు చలిలో తిరిగి వస్తే మూత్రం ఎర్రగా పోతుంది. రోగి రక్తాన్ని గాజుగొట్టంలో పోసి చల్లబరిచి, మళ్లీ ఒంటి వేడికి తెచ్చి చూశారు. ఎర్రకణాలు పగిలిపోయాయి. వాటిని పగలగొట్టిన పదార్థం ఎక్కడిదో కాదు, ఆ రోగి రక్తంలోదే. చలిలో కణాలను అంటుకుని, వెచ్చబడగానే పని కానిస్తోంది. దాయాది ఇంట్లోనే ఉన్నాడు.

లోకం ఒప్పుకుందా? అదేదో అరుదైన జబ్బు, ఒక మినహాయింపు అని పక్కన పెట్టేసింది.

ఇహ జపాన్ వెళదాం. మా చెల్లెలి కాగితంలో ఉన్న వరుసకు మూలపురుషుడు అక్కడ ఉన్నాడు. హకారు హషిమోటో అనే యువ వైద్యుడు 1912లో ఫుకువోకాలో పనిచేస్తూ ఒక జర్మన్ పత్రికలో వ్యాసం రాశాడు. నలుగురు ఆడవాళ్లు, నలుగురూ నలభై దాటినవాళ్లే, మెడ దగ్గర వాపుతో వచ్చారు. కోసి తీసిన థైరాయిడ్ గ్రంథిని సూక్ష్మదర్శినిలో చూస్తే నిండా తెల్లకణాలు కిక్కిరిసి ఉన్నాయి. ఉన్నది ఉన్నట్లు, బొమ్మలతో సహా రాసి పెట్టాడు. తండ్రి పోతే స్వగ్రామానికి వెళ్లిపోయి, అక్కడే పల్లెవైద్యం చేస్తూ 1934లో టైఫాయిడ్‌తో కన్నుమూశాడు. తన పేరుతో ఒక జబ్బు ప్రపంచమంతా తెలుస్తుందని ఆయనకు కలలో కూడా తెలిసి ఉండదు. తెల్లకణాలు అక్కడికి ఎందుకు చేరాయో అడిగినవాళ్లు చాలాకాలం లేరు.

అడిగింది ఒక ఆడమనిషి. ఇక్కడ నేను కాస్త నెమ్మదిగా నడుస్తాను, మీరు విసుక్కోకూడదు.

హషిమోటో వ్యాసం వెలువడిన ఆ 1912లోనే స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో డెబొరా అనే పిల్ల పుట్టింది. తండ్రి పియానో విద్వాంసుడు, తల్లి నాట్యం నేర్పేది. ఆ అమ్మాయి పారిస్‌లో వైద్యం చదువు మొదలుపెట్టింది. మధ్యలో పెళ్లి, పిల్లలు, కాపురం లండన్‌కు మారడం. ఇంతవరకూ మనందరి కథే. చదువు అటకెక్కించి ఉంటే ఎవరూ ఏమీ అనకపోదురు. ఆవిడ మాత్రం, ఆడవాళ్ల కోసమే పుట్టిన రాయల్ ఫ్రీ వైద్య కళాశాలలో చేరి, 1945లో, తన ముప్ఫై మూడో ఏట డాక్టరు పట్టా పుచ్చుకుంది. డెబొరా డోనియాక్ అంటే ఆవిడే.

మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో పనిచేస్తూండగా హషిమోటో జబ్బున్నవాళ్లలో ఒక చిన్న విషయం ఆవిడ కంటపడింది. వాళ్ల రక్తంలో గామా గ్లోబ్యులిన్లు, అంటే యాంటీబాడీల జాతి మాంసకృత్తులు, ఎక్కువగా ఉన్నాయి. ఆపరేషన్ చేసి గ్రంథిని తీసేస్తే అవి తగ్గిపోతున్నాయి. పెరట్లో ఒక చెట్టు కొట్టేస్తే కోతుల రాక తగ్గిందనుకోండి, కోతులు దేనికోసం వస్తున్నట్లు? ఈ యాంటీబాడీల గురి థైరాయిడ్ మీదే కావాలని ఆవిడకు తోచింది. ఐవన్ రాయిట్, పీటర్ క్యాంప్‌బెల్ అనే ఇద్దరు జీవరసాయన శాస్త్రవేత్తలతో కలిసింది. మనిషి థైరాయిడ్ నుంచి తీసిన సారాన్ని రోగి రక్తపు తేటతో కలిపితే తెల్లగా పేరుకుంది. తాళానికి తాళంచెవి పడింది. గ్రంథిలోని థైరోగ్లోబ్యులిన్ అనే పదార్థానికి ఎదురుగా రోగి ఒంట్లోనే యాంటీబాడీ తయారై ఉందన్నమాట. 1956లో లాన్సెట్ పత్రికలో ఇది వెలువడింది.

సరిగ్గా ఆ ఏడే అమెరికాలోని బఫెలో నగరం నుంచి నోయెల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ కుందేళ్ల సంగతి చెప్పారు. కుందేలు థైరాయిడ్ సారాన్ని కుందేలుకే సూదిమందుగా ఇస్తే, దాని గ్రంథి నిండా హషిమోటో చూసినట్లే తెల్లకణాలు మూగాయి. విటెబ్‌స్కీ ఎవరనుకున్నారు? ఎర్లిక్ శిష్యపరంపరలోని మనిషి. పెద్దాయన మాటకు తన చేతి మీదుగా చెల్లుచీటీ రాయాల్సి వచ్చింది. మళ్లీ మళ్లీ చేసి చూసుకుని, ఇహ తప్పదన్నాకే ప్రకటించాడట. అలాంటివాళ్లంటే నాకు గౌరవం.

దీంతో గాలి అటు నుంచి ఇటు తిరిగింది. నిన్నటిదాకా ఒంట్లో దాయాదే ఉండదన్నవాళ్లు, కనిపించిన ప్రతి దాయాదినీ హంతకుడనడం మొదలుపెట్టారు. యాంటీబాడీ ఉంటే జబ్బున్నట్లే. మా చెల్లెలు ఫోన్‌లో చదివింది ఈ వాసనే.

అయితే, జబ్బున్నవాళ్లకు పరీక్ష చేసినంతకాలం ఆ మాట నిజంలాగే కనిపిస్తుంది. జబ్బు లేనివాళ్లకు చేస్తే కదా అసలు సంగతి! ఇంగ్లండ్ ఉత్తరాన న్యూకాసిల్ నగరంలో కొందరు వైద్యులు హషిమోటో రోగుల తోబుట్టువులనూ, దగ్గరివాళ్లనూ పిలిచి పరీక్షించారు. ఏ జబ్బూ లేకుండా తిరుగుతున్న ఆ బంధువుల్లో చాలామంది రక్తంలో అవే యాంటీబాడీలు! ఇవి తయారయ్యే స్వభావం కుటుంబాల్లో దిగి వస్తుందని 1960లోనే వాళ్లు లాన్సెట్‌లో రాశారు. వియ్యపురాలు ఊహించినదాంట్లో అంతమటుకు నిజముంది, ఒప్పుకోవాలి.

ఆ న్యూకాసిల్ పక్కనే విక్‌హమ్ అనే ఊరుంది. 1972 నుంచి 1974 దాకా అక్కడ జబ్బుతో సంబంధం లేకుండా ఇంటింటి లెక్కన 2,779 మందిని ఎంచుకుని థైరాయిడ్ పరీక్షలు చేశారు. నాకు ముచ్చటేసిందేమంటే, చేసి వదిలెయ్యలేదు. ఇరవై ఏళ్ల తర్వాత వాళ్లు ఎలా ఉన్నారో మళ్లీ వెతుక్కుంటూ వెళ్లారు. 1995లో ఫలితం చెప్పారు. హార్మోన్ల తీరు బాగానే ఉండి, యాంటీబాడీలు మాత్రమే ఉన్న ఆడవాళ్లలో థైరాయిడ్ మందగించినది ఏడాదికి నూటికి ఇద్దరికి. టీ.ఎస్.హెచ్. కూడా అప్పటికే పెరిగి ఉంటే నూటికి నలుగురికి. అంటే, ఒట్టి యాంటీబాడీలే ఉన్నవాళ్లలో ఇరవై ఏళ్లు గడిచినా ఎక్కువమందికి ఏమీ కాలేదు. వచ్చినవాళ్లకు మాత్రం ఏమైంది? రోజుకో మాత్ర. మా వీధిలో పొద్దున్నే పరగడుపున ఆ మాత్ర వేసుకుని కాఫీ కోసం గడియారం చూస్తూ కూర్చునే ఇల్లాళ్లు కనీసం పదిమంది ఉన్నారు.

అమెరికా ప్రభుత్వం 1988-94 మధ్య చేసిన ఆరోగ్య సర్వేలో, థైరాయిడ్ జబ్బు లేదన్న వాళ్లలోనే నూటికి 11 మందికి మా చెల్లెలి కాగితంలోని యాంటీబాడీలే ఉన్నాయి. మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువ. వయసుతో పాటు పెరుగుతాయి కూడా. ఈ యాంటీబాడీల గురి థైరాయిడ్ పెరాక్సిడేజ్ అనే ఎంజైము మీదని, అది హార్మోను తయారీలో పనిచేస్తుందని 1985లో తేలింది. టీ.పీ.ఓ. అంటే అదే.

మరి దేవుడు ఇలాంటి దాయాదులను ఒంట్లో ఎందుకు పెట్టాడని నాకు సందేహం వచ్చింది. దానికి జవాబు పేకముక్కల్లో ఉంది. లక్షల రకాల క్రిములకు లక్షల రకాల తాళంచెవులు కావాలి. అన్నింటికీ ఒక్కొక్క జన్యువు పెట్టుకునే చోటు ఒంట్లో లేదు. అందుకని ఒంట్లో ఉన్న కాసిని జన్యుముక్కలనే పేక కలిపినట్లు కలిపి, కొత్త కొత్త యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. 1976లో ఇది చూపించిన జపాన్ శాస్త్రవేత్త సుసుము టోనెగావాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. పేక కలిపితే మంచి ముక్కలే వస్తాయని ఎవరు చెప్పగలరు? 2003లో హెడా వార్డెమాన్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఆరోగ్యవంతుల ఒంట్లో అప్పుడే పుడుతున్న బి కణాలను ఒక్కొక్కటిగా ఏరి పరీక్షించారు. యాంటీబాడీలను తయారుచేసే కణాలివి. తొలిదశలో వాటిలో నూటికి 55 నుంచి 75 దాకా సొంత ఒంటినే అంటుకునే రకం! కణాలు ముదిరేలోగా ఒళ్లు వీటిని చాలామటుకు జల్లించి పారేస్తుంది. కొన్ని జల్లెడ దాటి వస్తూనే ఉంటాయి, మీకూ నాకూ కూడా. ఎర్లిక్ ఊహించిన కట్టడి ఒంట్లో నిజంగానే ఉంది. శిష్యులు వదిలేసిన రెండో ముక్క అదే కదా!

వీటిలో కొన్ని పనికొచ్చేవి కూడానని పారిస్ పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో పియర్ గ్రబార్ ఎన్నాళ్లనుంచో వాదించాడు. ఒంట్లో చచ్చిన కణాల చెత్తను ఎత్తిపోసేవి ఇవేనని ఆయన నమ్మకం. దాయాదులే పెళ్లిలో విస్తళ్లెత్తేదీ, కావిళ్లు మోసేదీ చూశాం కదా మనం.

ఇక వంశం సంగతి. డెన్మార్క్‌లో ఆరోగ్యంగా ఉన్న కవలలను పరీక్షించి, టీ.పీ.ఓ. యాంటీబాడీలు మనిషి మనిషికీ తేడాగా ఉండటంలో సుమారు ముప్పాతిక వంతు జన్యువుల పాత్రేనని లెక్క కట్టారు. ఆ లెక్క జనం మొత్తం మీద తీసినది. ఫలానా మనిషికి ముప్పాతిక వంతు రాసిపెట్టి ఉందని కాదు. కవలల్లో ఒకరికి ఉండి రెండోవారికి లేకపోవడమూ ఉంది. తర్వాత 2014లో 18,297 మంది జన్యువులను గాలించిన పరిశోధనలో, ఈ యాంటీబాడీలతో ముడిపడిన ఐదుచోట్లు దొరికాయి. అందులో ఒకటి టీ.పీ.ఓ.ను తయారుచేసే జన్యువు దగ్గరే. మన ఇంటి గోడే కొందరికి కాస్త తేడాగా కట్టి ఉంటుంది, కాపలాకుక్క దాన్ని చూసి మొరుగుతుంది. ఆ గోడలో సగం ఇటుకలు తల్లివి, సగం తండ్రివి. మా చెల్లెలి కూతురి ఒంట్లోనూ అంతే. సగం మావైతే, సగం వాళ్ల నాయనమ్మ కొడుకువి.

ఇదంతా చదివి యాంటీబాడీలను చిన్నచూపు చూడకండి. 2003లో వచ్చిన ఒక పరిశోధన నన్ను కాస్త భయపెట్టింది కూడా. అమెరికా సైన్యం తన సిపాయిల రక్తపు తేటను దాచి ఉంచుతుంది. లూపస్ అనే జబ్బు వచ్చిన 130 మంది పాత నమూనాలు బయటికి తీసి చూస్తే, 115 మంది రక్తంలో జబ్బు బయటపడకముందే ఆటో యాంటీబాడీలున్నాయి. కొందరిలో తొమ్మిదేళ్లకు ముందే. అలాగని ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లంతా బెంబేలు పడాలా? 1997లో ఆరోగ్యవంతుల రక్తాన్ని అదే జాతి పరీక్షకు పెట్టారు. నలభై వంతుల పల్చన చేసి చూస్తే నూటికి 32 మందికి ఉన్నట్లు వచ్చింది. నూట అరవై వంతుల పల్చన చేస్తే ఐదుగురికి. చారులో నీళ్లెన్ని పోసినా పులుపు తెలుస్తోందంటే చింతపండు ఎక్కువున్నట్లు, ఇదీ అంతే. ఉందా లేదా అన్నది కాదు, ఎంత ఉంది, ఏ రకం, మనిషికి బాధలేమిటి అన్నవి కలిపి చూడాలి. ఆ చూడటం డాక్టరు పని. రాత్రి పదిన్నరకు ఫోన్‌ను అడగాల్సింది కాదు.

ఇవన్నీ మూటగట్టుకుని చెల్లెలింటికి వెళ్లాను. అమ్మను కూడా తీసుకెళ్లాను. "మన వంశంలో ఇలాంటివి లేవు," అని దారంతా అమ్మ గొణుగుతూనే ఉంది. తీరా ఊరు చేరబోతుండగా, అమ్మమ్మకు గొంతు దగ్గర నిమ్మకాయంత వాపు ఉండేదని, పెళ్లినాటి కంటె పట్టక దాన్ని కరిగించి గాజులు చేయించుకుందని ఆవిడే చెప్పింది. అది అయోడిన్ చాలక వచ్చిందో, ఈ దాయాదుల పనో ఇప్పుడు తేల్చేదెవరు? అమ్మమ్మ ఎనభై నాలుగేళ్లు బతికింది. ఆ గాజులే అమ్మ చేతికున్నాయి.

మర్నాడు డాక్టరమ్మ చెల్లెలి కాగితం చూసి, మందేమీ అక్కర్లేదంది. ఏడాదికోసారి టీ.ఎస్.హెచ్. చూపించుకోమంది. మళ్లీ గర్భం వస్తే మాత్రం ముందే ఈ సంగతి చెప్పాలంది. "ఇప్పుడేం గర్భమండీ," అని చెల్లెలు సిగ్గుపడింది. చాలా రోజుల తర్వాత నవ్వు మొహం చూశాను. పనిలో పనిగా నేనూ అమ్మా రక్తం ఇచ్చాం. నాకు లేవు. అమ్మకు చెల్లెలికంటే ఎక్కువున్నాయి, హార్మోన్లు మాత్రం చక్కగా ఉన్నాయి. డెబ్బై రెండేళ్ల మనిషి, మొన్న మాఘమాసంలో కూడా అప్పడాలు వత్తింది.

వియ్యపురాల్ని కూడా రమ్మన్నాం. "ఈ వయసులో నాకెందుకమ్మా పరీక్షలు," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి కాఫీ పట్టుకొచ్చి, మనవరాలికి ఇప్పుడే ఆ పరీక్ష చేయించాలా అని మెల్లిగా నన్ను పక్కకు పిలిచి అడిగింది. ఒంట్లో బాగున్న పిల్లకు ఇప్పుడేం అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పిందన్నాను. "హమ్మయ్య," అంది. చెల్లెలు వంటింటి క్యాలెండర్ దగ్గర నిలబడి, వచ్చే శ్రావణం పేజీ ఇంకా రాలేదు కాబట్టి, ఆఖరి అట్ట మీద టీ.ఎస్.హెచ్. అని రాసుకుంది. గ్యాస్ తెచ్చిన తేదీ కింద.